టిమ్ థామస్ కథ కప్పు దగ్గర ఆగదు

పోయిన నెలలో ఒక శనివారం ఐస్ హాకీ ప్రాక్టీసు అయ్యాక మా అబ్బాయి కార్లో కూర్చుంటూనే "అమ్మా, టిమ్ థామస్ నీకు తెలుసా?" అని అడిగాడు. ఆ రోజు వాళ్ల కోచ్ పిల్లలందరినీ లాకర్ రూమ్‌లో కూర్చోబెట్టి ఆయన కథ చెప్పారట. జట్లు కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 217వ వాడు. ఏ జట్టుకీ అక్కర్లేకపోయాడు. ఏళ్ల తరబడి యూరప్‌లో తిరిగాడు. 31 ఏళ్ల వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద హాకీ లీగులో, నిలదొక్కుకున్నాడు. 37 ఏళ్ల వయసులో, ఆ లీగు గెలిచిన జట్టుకిచ్చే స్టాన్లీ కప్ బోస్టన్‌కి తెచ్చాడు. కాబట్టి మీలో ఎవరూ మధ్యలో వదిలేయకండి అని చెప్పి ముగించారట. చెబుతుంటే మావాడి కళ్లు మెరుస్తున్నాయి. వాడికి పన్నెండేళ్లు. వాడూ గోల్‌కీపరే. ఇక్కడ గోలీ అంటారు.

"బాగా తెలుసు నాన్నా" అన్నాను. చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది కానీ ఆ ముఖం చూశాక నోరు రాలేదు. ఇంటికొచ్చి వంట చేస్తున్నా అదే ఆలోచన, రాత్రి పడుకున్నా అదే ఆలోచన. ఆ కోచ్ మంచి మనిషి, పిల్లలంటే ఆయనకి ప్రాణం. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ కథని అలా చెప్పడం తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. దాని మొదలూ సరిగ్గా అది కాదు, చివర అసలే అది కాదు.

మాది గుంటూరు. మేం 2010 చివర్లో హైదరాబాద్ నుంచి బోస్టన్ శివార్లకి వచ్చాం. ఐస్ హాకీ అంటే ఏంటో అప్పటికి నాకు తెలియదు. 2011 ఏప్రిల్ వచ్చేసరికి ఆఫీసులో ఎవరి నోట విన్నా బోస్టన్ హాకీ జట్టు బ్రూయిన్స్ మాటే. ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచి అప్పటికి 39 ఏళ్లయింది. మా పక్కింటి పెద్దావిడ 1972లో బాబీ ఓర్ అనే పేరుమోసిన ఆటగాడి కాలంలో గెలిచినప్పుడు చూసిందట. ఆమే మమ్మల్ని పిలిచి సోఫాలో కూర్చోబెట్టి ఆట నేర్పింది. అంతా అర్థం కాకపోయినా ఒకటి మాత్రం మొదటి రోజే అర్థమైంది. పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. బరువు 170 గ్రాముల దాకా, అంటే క్రికెట్ బంతి కంటే కాస్త ఎక్కువే. అది గంటకి 140, 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న నెట్ ముందు ఒక మనిషి నిలబడి దాన్ని ఆపాలి. బ్యాటుతో కొట్టడం కాదు, చేత్తో, కాలితో, ఛాతీతో, అవసరమైతే తలతో ఆపాలి. ఒక్కో మ్యాచ్‌లో ముప్ఫై నలభై సార్లు.

ఆ పని చేస్తున్న వాడి పేరు టిమ్ థామస్. నేను మొదట గుర్తుపట్టిన ఆటగాడు ఆయనే. మిగతా వాళ్లంతా వేగంగా జారిపోతుంటే ఎవరు ఎవరో తెలిసేది కాదు.

ఆయన 1974లో మిషిగన్‌లోని ఫ్లింట్‌లో పుట్టాడు. పక్కనే ఉన్న డేవిసన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఫ్లింట్ కార్ల ఫ్యాక్టరీల మీద బతికిన ఊరు. ఆ ఫ్యాక్టరీలు మూతపడుతుంటే ఊరు ఎలా కుంగిపోయిందో అమెరికాలో అందరికీ తెలుసు. 1980 ఫిబ్రవరిలో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో కాలేజీ కుర్రాళ్లతో కూడిన అమెరికా జట్టు సోవియట్ జట్టుని ఓడించింది. ఆ రోజు గోల్ ముందు నిలబడ్డ జిమ్ క్రెయిగ్‌ని చూసి, ఇంకా ఆరేళ్లు నిండని థామస్ తానూ అలా అవ్వాలనుకున్నాడు. ఆ కోరిక ఖరీదైనది. గోలీకి కావలసిన సామాను మిగతా ఆటగాళ్ల సామాను కంటే ఎంత ఎక్కువ ఖరీదో ఇప్పుడు నాకు బాగా తెలుసు. కొడుకుని గోలీల శిక్షణ శిబిరానికి పంపడానికి డబ్బు చాలక థామస్ అమ్మానాన్నలు తమ పెళ్లి ఉంగరాలు అమ్మేశారు.

ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఫీజుల కోసం పుస్తెల తాడు తాకట్టు పెట్టిన ఇళ్లు మా వీధిలోనే మూడో నాలుగో ఉండేవి. అలా వెళ్లిన డబ్బుతో చదివే పిల్లాడి మీద ఎంత భారం ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడిపోవడానికి వాడికి హక్కు ఉండదు.

థామస్ వెర్మాంట్ యూనివర్సిటీలో చేరాడు. 1994 డ్రాఫ్ట్‌లో క్యూబెక్ నోర్డిక్స్ జట్టు ఆయన్ని 217వ స్థానంలో తీసుకుంది. తొమ్మిదో రౌండ్. అదే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే నలుగురు గోలీల పేర్లు పిలిచారు. అందులో ఒకరిని 21వ స్థానంలో తీసుకున్నది బోస్టన్ బ్రూయిన్స్ జట్టే. యెవ్‌గెనీ ర్యాబ్చికోవ్ అనే రష్యన్ కుర్రాడు. అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. పదిహేడేళ్ల తర్వాత అదే బోస్టన్‌కి కప్పు తెచ్చింది 217వ వాడు.

ఇక్కడే నాకు కోచ్ గారితో మొదటి పేచీ. "ఆలస్యంగా ఎదిగాడు" అంటారు థామస్‌ని. ఆయన ఆట ఆలస్యంగా ఎదగలేదు. 1996లో వెర్మాంట్ జట్టు దేశంలోని మొదటి నాలుగు కాలేజీ జట్లలో ఒకటిగా నిలిచినప్పుడు నెట్ ముందు ఉన్నది ఆయనే. 1998లో హెల్సింకీలోని హెచ్‌ఐఎఫ్‌కె జట్టు ఫిన్లాండ్ చాంపియన్ అయినప్పుడు గోలీ ఆయనే. అప్పటికి ఆయనకి 24 ఏళ్లు. స్వీడన్‌లో ఆడాడు, మళ్లీ ఫిన్లాండ్ వెళ్లాడు, మధ్యలో అమెరికాలో కింది లీగుల బస్సుల్లో తిరిగాడు. 2004-05లో యజమానులకీ ఆటగాళ్లకీ గొడవ తెగక ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. చాలామంది పేరున్న ఆటగాళ్లు యూరప్ లీగుల్లోకి వచ్చి ఆడారు. ఆ ఏడాది హెల్సింకీలోని యోకెరిట్ జట్టుకి థామస్ 54 మ్యాచ్‌లు ఆడి, అందులో 15 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆట అక్కడే ఉంది, అందరి కళ్లముందే ఉంది. చూడాల్సిన వాళ్లు చూడలేదు.

ఎందుకు చూడలేదు? ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం విషయం ఇందులోనే ఉంది. 1990లలో గోలీల ఆట మారిపోయింది. మాంట్రియల్‌లో పాట్రిక్ రువా అనే గోలీ గెలిచిన తీరు చూశాక, బటర్‌ఫ్లై అనే పద్ధతే సరైన పద్ధతి అయింది. మోకాళ్ల మీదకి దిగి, రెండు కాళ్లూ చెరో పక్కకి పరిచి, నెట్ కింది భాగమంతా ప్యాడ్లతో మూసేయడం. పక్ వచ్చి మనిషికి తగిలేలా నిలబడాలి తప్ప మనిషి పక్ వెనక పరుగెత్తకూడదు. దానికి పొడుగాటి మనుషులు కావాలి, కదలికలు పొదుపుగా ఉండాలి. జట్లకి ఆటగాళ్లని వెతికిపెట్టే స్కౌట్లు అలాంటి వాళ్ల కోసమే వెతికారు. థామస్ ఆరడుగులు కూడా లేడు. పద్ధతిగా దిగేవాడు కాదు. నెట్ వదిలి ముందుకొచ్చేవాడు. పడేవాడు, దొర్లేవాడు, వెనక్కి విసురుగా చెయ్యి చాపేవాడు. కర్ర చేతిలోంచి జారితే ఒట్టి చేత్తో ఆపేవాడు. చూసేవాళ్లకి అది కంగారుపడుతున్న మనిషిలా కనిపించేది. కానీ పక్ లోపలికి పోయేది కాదు. స్కౌట్లు చూసింది పద్ధతిని. పక్ ఎక్కడికి పోతోందో చూడలేదు.

నేను చదివిన జూనియర్ కాలేజీలో పిల్లల్ని ర్యాంకుల ప్రకారం సెక్షన్లుగా విడగొట్టేవారు. కింది సెక్షన్లో ఒకమ్మాయి ఉండేది. లెక్క ఎప్పుడూ తనకి తోచిన దారిలో చేసేది, జవాబు సరిగ్గా వచ్చేది. "మెథడ్ తప్పు" అని మార్కులు కొట్టేసేవారు. థామస్ గురించి చదివినప్పుడల్లా ఆ అమ్మాయి గుర్తొస్తుంది.

వెర్మాంట్‌లో థామస్‌తో కలిసి ఆడిన మార్టిన్ సాన్ లూయీ కథ కూడా ఇలాంటిదే. అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి. ఆయన్ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనేలేదు. 2004లో టాంపా బే తరఫున కప్పు గెలిచి, ఆ ఏడాది లీగులో అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఒకే చిన్న కాలేజీ జట్టులోంచి ఇద్దరు. స్కౌట్లు ఇద్దరి విషయంలోనూ పొరబడ్డారు. దీన్ని ఇద్దరు మనుషుల పట్టుదల కథగా మాత్రమే చెబితే, ఎంపిక చేసేవాళ్ల తప్పు కనిపించకుండా పోతుంది. పిల్లలకి "వదలకు" అని చెప్పడం తేలిక. "నిన్ను కొలిచే బద్దే వంకరగా ఉండొచ్చు" అని చెప్పడానికి పెద్దవాళ్లకి నోరు రాదు, ఎందుకంటే ఆ బద్ద మన చేతిలోనే ఉంటుంది.

అదృష్టం మాట కూడా చెప్పాలి. 2005-06లో బోస్టన్‌లో ఆండ్రూ రేక్రాఫ్ట్, హన్నూ తోయివోనెన్ అనే ఇద్దరు కుర్ర గోలీలు ఉన్నారు. ఇద్దరికీ దెబ్బలు తగిలాయి. అందుకే ప్రావిడెన్స్‌లోని కింది జట్టులో ఉన్న థామస్‌ని పిలిచారు. 2007లో మానీ ఫెర్నాండెజ్‌ని మొదటి గోలీగా తెచ్చారు. అతనికీ దెబ్బ తగిలింది, థామస్ మళ్లీ నెట్ ముందుకొచ్చాడు. వచ్చిన ప్రతి అవకాశాన్నీ వాడుకున్నాడు, అది ఆయన గొప్పతనం. కానీ రేక్రాఫ్ట్ ఆరోగ్యంగా ఉండి ఉంటే? ఇంతే పట్టుదల ఉన్న ఎంతమంది గోలీలు ఆ ఫోను కోసం ఎదురుచూసి, ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్లకి ప్యాడ్లు అటక మీద పెట్టేసి ఉంటారు? వాళ్లెవరూ వదిలేసినవాళ్లు కాదు. వాళ్లకి ఫోను రాలేదు. ఆ సంగతి చెప్పకుండా పన్నెండేళ్ల పిల్లలకి "వదలకపోతే గెలుస్తావు" అని చెప్పడం న్యాయం కాదు. రేపు గెలవకపోతే తప్పు తనదే అనుకుంటాడు పిల్లాడు.

2009లో థామస్ లీగులో ఉత్తమ గోలీకి ఇచ్చే వెజినా ట్రోఫీ గెలిచాడు. మరుసటి ఏడాది తుంటి ఎముక దగ్గర నొప్పితో ఆట తగ్గిపోయింది. టూకా రాస్క్ అనే కుర్రాడు ఆయన చోటు తీసుకున్నాడు. 2010 వేసవిలో ఆపరేషన్ అయింది. అప్పటికి 36 ఏళ్లు. ఆయన్ని వేరే జట్టుకి ఇచ్చేస్తారని పేపర్లు రాశాయి. అప్పుడొచ్చింది 2010-11 సీజన్. తన మీదకి వచ్చిన ప్రతి వెయ్యి షాట్లలో 938 ఆపాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటిదాకా ఒక సీజన్లో అంత బాగా ఎవరూ ఆపలేదు. అంతకుముందు రికార్డు డొమినిక్ హాషెక్‌ది, 937. అంతకాలం నిలిచిన రికార్డుని దాటింది ఒక్క షాటు తేడాతో.

ఆ వసంతంలో పక్కింటి సోఫాలో నేను చూసింది చెబుతాను. మొదటి రౌండ్‌లో మాంట్రియల్ చేతిలో బోస్టన్ వాళ్లు తమ సొంత గడ్డ మీదే రెండు మ్యాచ్‌లు ఓడి, ఏడో మ్యాచ్‌లో ఓవర్‌టైమ్‌లో, అంటే స్కోరు సమమైతే ఆడే అదనపు సమయంలో, గెలిచారు. తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్లో, అంటే సెమీఫైనల్ లాంటి దాంట్లో, ఎదురుపడింది సాన్ లూయీ ఉన్న టాంపా బే. ఆ సిరీస్ అయిదో మ్యాచ్‌లో ఒక క్షణం ఉంది. షాట్ ఒకటి ఐస్ చుట్టూ ఉన్న గోడకి కొట్టుకుని అనుకోకుండా ఇవతలకి వచ్చింది. ఖాళీ నెట్, ఎదురుగా టాంపా ఆటగాడు స్టీవ్ డౌనీ. థామస్ అటువైపు ఒళ్లంతా చాపి కర్ర వెడల్పు భాగంతో దాన్ని గీత మీద ఆపాడు. పెద్దావిడ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. ఏ శిక్షణ పుస్తకంలోనూ ఆ సేవ్ ఉండదు. ఏడో మ్యాచ్ 1-0తో గెలిచారు.

ఫైనల్లో వాంకూవర్. అవతలి గోలీ రొబెర్టో లువాంగో. 1997 డ్రాఫ్ట్‌లో నాలుగో వాడు, ఆరడుగుల మూడు అంగుళాలు. స్కౌట్లు కలలో చూసే గోలీ అంటే అచ్చంగా ఆయనే. నిజంగా గొప్ప ఆటగాడు కూడా. ఆ సిరీస్‌లోనే రెండు మ్యాచ్‌ల్లో బోస్టన్‌కి ఒక్క గోల్ ఇవ్వలేదు. రెండో మ్యాచ్ ఓవర్‌టైమ్ మొదలైన 11 సెకన్లకే థామస్ ముందుకొచ్చి చిక్కుకున్నాడు, అలెక్స్ బర్రోస్ ఆయన్ని దాటుకుని వెనక నుంచి చుట్టి గోల్ కొట్టాడు. అయిదో మ్యాచ్‌లో కూడా అలాంటిదే. వెనక గోడకి తగిలి వచ్చిన పక్‌ని మాక్స్ లాపియెర్ లోపలికి నెట్టాడు. మ్యాచ్ అయ్యాక లువాంగో, తనలా నెట్ ముందు నీలం రంగు వేసిన చోటులోనే ఉండుంటే అది తేలికైన సేవ్ అన్నాడు. ఆ మాట మీద ఊరంతా మండిపడింది. నాకు మాత్రం ఆ మాటలో కోపం తెచ్చుకోవాల్సింది ఏమీ కనిపించలేదు. రెండు పద్ధతుల మధ్య ఇరవై ఏళ్లుగా సాగుతున్న వాదన అది. థామస్ పద్ధతి మార్చుకోలేదు. ముందుకే వచ్చాడు. మూడో మ్యాచ్‌లో తన మీదకి వచ్చిన వాంకూవర్ కెప్టెన్ హెన్రిక్ సెడిన్‌ని భుజంతో గుద్ది పడేశాడు కూడా.

2011 జూన్ 15న వాంకూవర్‌లో ఏడో మ్యాచ్. బోస్టన్ 4-0తో గెలిచింది. ఏడు మ్యాచ్‌ల్లో థామస్ తన మీదకి వచ్చిన 246 షాట్లలో ఎనిమిదింటిని మాత్రమే లోపలికి పోనిచ్చాడు. ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఆయనకే ఇచ్చారు. ఆ ట్రోఫీ అందుకున్న వాళ్లలో అంత వయసు వాడు ఎవరూ లేరు. పెద్దావిడ ఏడ్చింది. 1972లో తనతో కలిసి చూసిన భర్త ఇప్పుడు లేడని చెప్పింది. మూడు రోజుల తర్వాత ఊరేగింపుకి మేమందరం వెళ్లాం.

కోచ్ గారి కథ ఇక్కడ ఆగుతుంది.

ఆ తర్వాత జరిగింది ఇది. 2012 జనవరిలో చాంపియన్ జట్టుని వైట్‌హౌస్‌కి పిలిస్తే థామస్ వెళ్లలేదు. ప్రభుత్వం హద్దు మీరి పెరిగిపోయి పౌరుల హక్కులకి ముప్పు తెస్తోందని, ఒక పౌరుడిగా తన అభిప్రాయం ఇదని రాశాడు. ఆయన రాజకీయాలు నాకు నచ్చవు. కానీ తన పేరు మీద, తన మాటల్లో చెప్పి, పక్కకి తప్పుకున్నాడు. అంత ధైర్యం అందరికీ ఉండదు. ఊళ్లో మాత్రం చాలామందికి మనసు విరిగింది. ఆ వేసవిలో ఆయన ఒక ఏడాది ఆడనని, కుటుంబంతో గడుపుతానని వెళ్లిపోయాడు. మళ్లీ 2013లో ఫ్లోరిడా పాంథర్స్‌కి, తర్వాత డాలస్‌కి కొన్ని నెలలు ఆడి ఆపేశాడు. 426 మ్యాచ్‌లు, 214 గెలుపులు. వీడ్కోలు సభ లేదు, ఇంటర్వ్యూ లేదు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పొగరు అన్నారు, విచిత్రమైన మనిషి అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అయిదేళ్లు అలాగే అనుకున్నాను.

2019 డిసెంబర్‌లో ఆయన్ని అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. వాషింగ్టన్‌లో జరిగిన ఆ కార్యక్రమానికి వచ్చి, విలేకరుల ముందు నోరు విప్పాడు. 2013 డిసెంబర్‌లో, ఫ్లోరిడా జట్టు ప్రాక్టీసులో తలకి దెబ్బ తగిలింది. మర్నాడు పొద్దున లేచేసరికి ఏం తినాలో, ఎటు వెళ్లాలో కూడా తేల్చుకోలేకపోయాడు. ఆ సీజన్ మిగతా భాగం జట్టు టైంటేబుల్ పట్టుకుని, వాళ్లు ఎటు వెళితే అటు వెళ్లి గడిపాడు. తర్వాత తీసిన స్కాన్‌లో మెదడులో మూడింట రెండు వంతుల భాగానికి అయిదు శాతం కంటే తక్కువ రక్తం అందుతోందని తేలింది. కొన్నేళ్లు ఎవరితోనూ మాట్లాడలేకపోయాడు. కన్నతండ్రికి కూడా ఫోను చేయలేదు. అడవి పక్కకి వెళ్లి బతికాడు. ఆక్సిజన్ చికిత్సలు, ఇంకా రకరకాల చికిత్సలు చేయించుకున్నాక మెరుగయ్యాడు. అయినా రోజూ పొద్దున్నే లేచాక, మొదటి రెండు గంటలూ తలలో ఉన్నవన్నీ మళ్లీ వరసలో పెట్టుకోవాల్సి వస్తుందని చెప్పాడు.

ఆ వార్త చదివిన రోజు నేను వంటింట్లో చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మేం పొగరు అనుకున్న మౌనం జబ్బు. ఫోన్ ఎత్తి మాట్లాడలేని స్థితిలో ఉన్న మనిషి, మమ్మల్ని పట్టించుకోలేదని కోపం పెంచుకున్నాం.

అదే సాయంత్రం, అదే వేదిక మీద, థామస్‌తో కలిపి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన అయిదుగురిలో ఇంకొకరు ఎన్‌హెచ్‌ఎల్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్. పదేపదే తలకి తగిలే దెబ్బలకీ, సీటీఈ అనే మెదడు క్షీణించే జబ్బుకీ సంబంధం రుజువు కాలేదని ఏళ్ల తరబడి వాదించిన మనిషి. అంతకు ముందు ఏడాది, 2018 నవంబర్‌లో, తలకి తగిలిన దెబ్బల ప్రమాదం గురించి లీగు తమకి సరిగ్గా చెప్పలేదని కేసు వేసిన 318 మంది మాజీ ఆటగాళ్లతో ఎన్‌హెచ్‌ఎల్ కోటీ 89 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఒకే రోజు ఆ ఇద్దరికీ ఒకే గౌరవం. ఎంత ఆలోచించినా నాకు ఇది మింగుడుపడదు.

వెనక్కి తిరిగి చూస్తే 2011 వసంతం నిండా అవే దెబ్బలు. బోస్టన్ జట్టులోనే మార్క్ సవార్డ్ ఉండేవాడు. 2010 మార్చిలో మాట్ కుక్ కొట్టిన దెబ్బకి తల అదిరింది. తిరిగొచ్చి ఆడాడు. 2011 జనవరిలో మళ్లీ దెబ్బ తగిలి, ఇక ఎప్పుడూ ఆడలేదు. కప్పు మీద ఆయన పేరు చెక్కించారు, ఆయన మాత్రం ఆ ఫైనల్లో లేడు. ఫైనల్ మూడో మ్యాచ్‌లో నేథన్ హోర్టన్‌ని వాంకూవర్ ఆటగాడు ఆరన్ రోమ్ గుద్దితే స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ఆ ప్లేఆఫ్స్ నడుస్తుండగానే, మే 13న, మరో జట్టు ఆటగాడు డెరెక్ బూగార్డ్ 28 ఏళ్ల వయసులో చనిపోయాడు. మేం మ్యాచ్‌లు చూస్తూ చప్పట్లు కొట్టిన ఈ ఊళ్లోనే, బోస్టన్ యూనివర్సిటీలో ఆయన మెదడుని పరీక్షించి సీటీఈ ఉందని తేల్చారు. హోర్టన్ పడిపోయినప్పుడు సోఫాలో మా అందరికీ కోపం వచ్చింది, కానీ రోమ్ మీద. ఆ ఆట మీద రాలేదు.

ఇదంతా చదివి, మరి పిల్లాడిని ఎందుకు ఆడనిస్తున్నారు అని అడుగుతారు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతారు. సమాధానం చెబుతాను. వాడికి ఆ ఆట ఇష్టం. పొద్దున అయిదింటికి అలారం లేకుండా లేస్తాడు. పిల్లల హాకీలో కొన్ని మంచి మార్పులూ వచ్చాయి. 2011 జూన్‌లోనే, అమెరికాలో పిల్లల హాకీని నడిపే యూఎస్‌ఏ హాకీ సంస్థ, పదకొండు పన్నెండేళ్ల పిల్లల ఆటలో ఒంటితో గుద్దడాన్ని నిషేధించింది. మసాచుసెట్స్‌లో బడి ఆటలు ఆడే పిల్లల తల్లిదండ్రులు తల దెబ్బల గురించి ఏటా శిక్షణ తీసుకోవాలని 2010 చట్టం ఉంది. ఇవి ఊరికే రాలేదు. దెబ్బలు తిన్నవాళ్లు బయటికొచ్చి చెప్పబట్టి వచ్చాయి. థామస్ లాంటి వాళ్లు చెప్పింది వినకుండా, వాళ్ల గెలుపుని మాత్రం తీసుకుంటే ఇంకో మార్పు రాదు.

వచ్చే ఏడాది మావాడు పదమూడు పద్నాలుగేళ్ల జట్టులోకి వెళతాడు. అక్కడ గుద్దుకోవడం మొదలవుతుంది. గోలీని గుద్దకూడదు, కానీ నెట్ మీదకి జారి వచ్చి పడేవాళ్లని ఏ నియమం ఆపదు. అందుకే వాడికి థామస్ కథ మొత్తం తెలియాలి. "దెబ్బ తగిలినా లేచి ఆడాడు" అనే కథ వాడి తలలో ఉంటే, రేపు కళ్లు తిరిగినప్పుడు నాకు చెప్పడు. చెబితే వదిలేసినట్టు అనుకుంటాడు. థామస్ ఆ సీజన్ మిగతా నెలలన్నీ ఆడాడు. ఆ మాట తలుచుకుంటేనే నాకు భయం వేస్తుంది.

పోయిన ఆదివారం మావాడికి మిగతాది చెప్పాను. గిన్నెలో పెరుగన్నం అలాగే వదిలేసి విన్నాడు. రక్తం అందకపోవడం అంటే ఏంటని రెండు సార్లు అడిగాడు. తర్వాత గదిలోకి వెళ్లి ఆ డౌనీ సేవ్ వీడియో పెట్టుకున్నాడు, నేను గుమ్మంలో నిలబడి చూశాను. మూడు సార్లు చూశాడు. ఇప్పటికీ అంత గొప్పగానే ఉంది ఆ సేవ్.

కోచ్ గారికి ఉత్తరం రాశాను. ఆయన నొచ్చుకోలేదు. తనకి 2019 సంగతి పేపర్లో చదివిన గుర్తుందని, పిల్లల ముందు ఎలా చెప్పాలో తెలియక వదిలేశానని రాశారు. వచ్చే శనివారం ప్రాక్టీసు ముందు లాకర్ రూమ్‌లో నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇక్కడ రాసిందంతా పది నిమిషాల్లో చెప్పలేను. ర్యాబ్చికోవ్ పేరు, లువాంగో మాట వదిలేస్తాను. పెళ్లి ఉంగరాల దగ్గర మొదలుపెట్టి, పొద్దున లేచాక ఆ రెండు గంటల దగ్గర ఆపుతాను. తర్వాత పిల్లలు ఏం అడిగితే దానికి జవాబు చెబుతాను.